గాలి నిబంధనలపై జనం మాట.. గడువులోగా చెబితేనే లెక్క

చిత్తూరు, తిరుపతి: గ్రామ పంచాయతీ కార్యాలయం గోడకు ఒక కాగితం అంటిస్తారు. ఫలానా సర్వే నంబరులో, ఇన్ని హెక్టార్లలో గ్రానైటు తవ్వకానికి ప్రతిపాదన వచ్చిందని, ఫలానా తేదీన ఉదయం ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతుందని అందులో ఉంటుంది. ఎండకు వెలిసి, గాలికి చిరిగి ఆ కాగితం ఊడిపోయే నాటికి గడువు కూడా ముగిసిపోతుంది. రానున్న ఇరవై ముప్పై ఏళ్లు ఊరి గాలి ఎలా ఉండాలో తేల్చే వ్యవహారంలో సామాన్యుడికి చట్టం ఇచ్చిన వాటా చాలాసార్లు ఆ ముప్పై రోజులే.

చిత్తూరు నగరం జాతీయ గాలి నాణ్యత ప్రమాణాలను అందుకోలేని నగరాల జాబితాలో ఉంది. కేంద్ర ప్రభుత్వం 2019 జనవరిలో ప్రారంభించిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం కింద మొదట రాష్ట్రం నుంచి విజయవాడ, విశాఖపట్నం, గుంటూరు, నెల్లూరు, కర్నూలు ఎంపికయ్యాయి. అనంతరం చిత్తూరు, కడప, అనంతపురం సహా మరో ఎనిమిది చేరి మొత్తం పదమూడయ్యాయి. పెద్ద పొగగొట్టాలున్న విశాఖ సరసన చిత్తూరు పేరు కనిపించడం చాలామందికి ఆశ్చర్యం కలిగించింది. గ్రానైటు క్వారీలు, కంకర క్రషర్లు, ఇటుక బట్టీలు, తారు లేని దారులపై తిరిగే లారీలు నిత్యం చూసేవారికి మాత్రం అందులో వింత లేదు. గాలిని అదుపు చేసే నిబంధనలు ఎవరు రాస్తారు, అవి రాసేటప్పుడు ఊరివారు ఎక్కడ, ఎప్పుడు నోరు విప్పవచ్చు అన్నది ఈ రెండు జిల్లాల ప్రజలు తెలుసుకోవలసిన సంగతి.

రెండు వేర్వేరు దారులు

ప్రజలు తమ మాట చెప్పేందుకు ప్రధానంగా రెండు దారులున్నాయి. మొదటిది, ప్రభుత్వం ఒక నిబంధనను ముసాయిదాగా గెజెట్‌లో ప్రచురించి అభ్యంతరాలు, సూచనలు కోరినప్పుడు. ఇది దేశమంతటికీ లేదా ఒక ప్రాంతానికంతటికీ వర్తించే నిబంధన గురించి. రెండవది, ఒక నిర్దిష్ట పరిశ్రమకో గనికో పర్యావరణ అనుమతి ఇచ్చే ముందు జరిపే ప్రజాభిప్రాయ సేకరణ. ఇది ఆ ఒక్క ప్రాజెక్టు గురించి. జనం సాధారణంగా రెండో దానికే వస్తారు. అక్కడికి వచ్చి, నిబంధనే తప్పని వాదిస్తారు. నిబంధన రాసిన అధికారి ఆ షామియానా కింద ఉండడు. ఆ వాదన వినిపించవలసిన సమయం అంతకు ఏళ్ల ముందే గడిచిపోయి ఉంటుంది.

ముసాయిదా అంటే ఏమిటో ఈ ప్రాంతవాసులకు కొత్తగా చెప్పనక్కర లేదు. 2022 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం జిల్లాల పునర్వ్యవస్థీకరణకు ముసాయిదా నోటిఫికేషన్ ఇచ్చి, అభ్యంతరాలకు ముప్పై రోజుల గడువు పెట్టింది. అందులో తిరుపతి కేంద్రంగా ప్రతిపాదించిన జిల్లా పేరు శ్రీ బాలాజీ. ఆ ఏడాది ఏప్రిల్ 4న జిల్లా ఏర్పడేసరికి దాని పేరు తిరుపతి అయింది. ముసాయిదా తుది నిర్ణయం కాదని, నడుమ గడువులో మార్పులకు చోటు ఉంటుందని చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ లేదు. అప్పట్లో జిల్లా పేరు మీద, మండలాల హద్దుల మీద అర్జీలు పట్టుకుని కలెక్టరేట్లకు వెళ్లినవారెందరో. గాలి నిబంధనల ముసాయిదాలు వచ్చినప్పుడు ఆ సందడి కనిపించదు.

ఈ పద్ధతికి మూలం పాతదే. బ్రిటిషు కాలపు 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 23వ సెక్షన్ ప్రకారం, ముందస్తు ప్రచురణ షరతుతో నిబంధనలు చేయాలని ఏ చట్టమైనా చెప్పినట్లయితే ముసాయిదాను ప్రచురించాలి, అభ్యంతరాలను పరిశీలించాలి. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ నిబంధనలలో ఐదవ నిబంధన మరింత సూటిగా ఉంటుంది. ఒక ప్రాంతంలో పరిశ్రమలపైగానీ, కార్యకలాపాలపైగానీ నిషేధం లేదా ఆంక్షలు విధించదలిస్తే కేంద్రం ముందుగా గెజెట్‌లో నోటీసు ఇవ్వాలి. ఆ తేదీ నుంచి అరవై రోజుల్లోగా ఎవరైనా లిఖితపూర్వకంగా అభ్యంతరం తెలపవచ్చు. భూమి ఉన్నవారే రాయాలని, ఆ ఊరివారే రాయాలని లేదు. అయితే ప్రజా ప్రయోజనం దృష్ట్యా ఈ నోటీసు అక్కరలేదని భావిస్తే కేంద్రం దానిని పక్కన పెట్టే వీలు కూడా అదే నిబంధనలో ఉంది. ఆ మినహాయింపును ఎంత విరివిగా వాడుతున్నారన్నది పర్యావరణ న్యాయవాదులు తరచూ లేవనెత్తే ప్రశ్న.

ఈ అరవై రోజుల నోటీసు ఢిల్లీ వ్యవహారం మాత్రమేనని కొట్టిపారేయడానికి లేదు. అభయారణ్యాలు, జాతీయ పార్కుల చుట్టూ ప్రకటించే పర్యావరణ సున్నిత మండలాల ముసాయిదాలు కూడా ఈ నిబంధన కిందే వస్తాయి. శేషాచలం కొండల్లో శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు, పలమనేరు, కుప్పం వైపు ఏనుగులకు నెలవైన కౌండిన్య అభయారణ్యం ఈ ప్రాంతంలోనివే. ఇలాంటి మండలాల నోటిఫికేషన్లలో కొత్త క్వారీలు, క్రషర్లు, కాలుష్యకారక పరిశ్రమలపై నిషేధాలతో పాటు గాలి కాలుష్య నివారణకు విడిగా ఒక పేరా ఉంటుంది. హద్దు ఏ సర్వే నంబరు మీదుగా పోతుందన్న దానిపైనే ఒక ఊరి క్వారీ భవితవ్యం, మరో ఊరి గాలి ఆధారపడి ఉంటాయి.

భాష తెచ్చిన చిక్కు

ఇటీవలి చరిత్రలో దేశమంతా చర్చించిన ముసాయిదా 2020 నాటిది. పర్యావరణ ప్రభావ అంచనా విధానాన్ని మార్చుతూ కేంద్ర పర్యావరణ శాఖ ఆ ఏడాది మార్చి 12 తేదీతో ముసాయిదా రూపొందించింది. ఏప్రిల్ 11న గెజెట్‌లో ప్రచురించి అరవై రోజుల గడువు ఇచ్చింది. అప్పుడు దేశం కరోనా లాక్‌డౌన్‌లో ఉంది. గడువును మొదట జూన్ 30 వరకు పొడిగించారు. ప్రాజెక్టులపై ప్రజాభిప్రాయ సేకరణకు ముందు ఇచ్చే ముప్పై రోజుల వ్యవధిని ఇరవైకి కుదించాలని ఆ ముసాయిదా ప్రతిపాదించింది. అనుమతి లేకుండా మొదలుపెట్టిన ప్రాజెక్టులకు తరువాత అనుమతి ఇచ్చే ఏర్పాటు కూడా అందులో ఉంది.

అసలు చిక్కు అంతకు ముందే మొదలైంది. ముసాయిదా వెలువడింది ఇంగ్లిషు, హిందీ భాషల్లో. కుప్పంలోని రైతుకు ఇరవై రోజులు చాలవన్న సంగతి ఆ రైతుకు తెలియాలంటే ముందు అది తెలుగులో ఉండాలి కదా. ఒక పర్యావరణ కార్యకర్త వేసిన పిటిషన్‌పై ఢిల్లీ హైకోర్టు 2020 జూన్ 30న గడువును ఆగస్టు 11 వరకు పొడిగించింది. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లోకి పది రోజుల్లో అనువదింపజేయాలని ఆదేశించింది. ఆ 22లో తెలుగు ఒకటి. కేంద్రం సుప్రీంకోర్టును ఆశ్రయించింది. అధికార భాషల చట్టం ప్రకారం నోటిఫికేషన్లు హిందీ, ఇంగ్లిషుల్లో ఉంటే చాలన్నది దాని వాదన. హైకోర్టులోనే రివ్యూ పిటిషన్ వేసుకోవాలని సుప్రీంకోర్టు ఆ ఆగస్టులో సూచించింది. అభ్యంతరాలు, సూచనలు లక్షల సంఖ్యలో చేరాయి. ఆ ముసాయిదా తుది రూపం దాల్చలేదు. 2006 నాటి నోటిఫికేషనే సవరణలతో కొనసాగుతోంది.

విదేశాల పద్ధతితో పోల్చితే లోటు ఎక్కడుందో తెలుస్తుంది. అమెరికాలో 1946 నాటి పరిపాలనా విధాన చట్టం కింద ప్రభుత్వ సంస్థలు ప్రతిపాదిత నిబంధనను ప్రచురించి అభిప్రాయాలు తీసుకుంటాయి. తుది నిబంధనతో పాటు ముఖ్యమైన అభ్యంతరాలకు సమాధానం కూడా ఇవ్వాలని అక్కడి న్యాయస్థానాలు పట్టుబడతాయి. ఇవ్వకపోతే నిబంధనే కొట్టుడుపోవచ్చు. మన 1897 చట్టం అభ్యంతరాలను ‘పరిశీలించాలి’ అని మాత్రమే అంటుంది. పరిశీలించి ఏమనుకున్నారో రాసినవారికి తెలియజేయాలన్న మాట అందులో లేదు. ముసాయిదా చట్టాలను కనీసం ముప్పై రోజులు ప్రజల ముందు ఉంచాలని కేంద్రం 2014లో ఒక విధానం ప్రకటించినా, అది చట్టం కాదు.

గాలి చట్టంలో ఊరికి చోటెక్కడ

1981 నాటి గాలి కాలుష్య నివారణ, నియంత్రణ చట్టం చదివితే ఒక విశేషం కనిపిస్తుంది. 19వ సెక్షన్ ప్రకారం ఒక ప్రాంతాన్ని గాలి కాలుష్య నియంత్రణ ప్రాంతంగా ప్రకటించే ముందు రాష్ట్ర ప్రభుత్వం సంప్రదించవలసింది రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలిని (పీసీబీ). ప్రజలను సంప్రదించాలన్న మాట అక్కడ లేదు. పొగగొట్టాల నుంచి వెలువడే కాలుష్యానికి ప్రమాణాలు పెట్టేది కూడా మండలే. అయితే మండలి కూర్పులో చిన్న కిటికీ ఒకటి ఉంది. వ్యవసాయం, మత్స్య, పరిశ్రమ, వాణిజ్యం వంటి రంగాల తరఫున ముగ్గురికి మించకుండా అనధికారులను, స్థానిక సంస్థల నుంచి ఐదుగురికి మించకుండా సభ్యులను ప్రభుత్వం నియమించవచ్చు. మామిడి రైతు గోడు మండలి సమావేశంలో వినిపించాలంటే ఆ కిటికీలోంచే వినిపించాలి. నామినేషన్లు ఎలా సాగుతాయో తెలిసినవారు దానిపై పెద్దగా ఆశ పెట్టుకోరు.

చిత్తూరు నగరానికి స్వచ్ఛ వాయు కార్యాచరణ ప్రణాళిక కూడా ఇదే కోవలోనిది. ప్రమాణాలు అందుకోని నగరాలన్నిటికీ ప్రణాళికలు తయారు చేయాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2018 అక్టోబరులో రాష్ట్రాలను ఆదేశించింది. రోడ్ల ధూళి, వాహనాల పొగ, చెత్త తగలబెట్టడం వంటి వాటికి ఏ శాఖ ఏమి చేయాలో అందులో రాస్తారు. నగరవాసి రోజూ పీల్చే గాలి గురించిన పత్రమే అయినా, దానికి ముందు బహిరంగ విచారణ జరపాలన్న నిబంధన లేదు. వార్డు సమావేశాల్లోనో, కౌన్సిల్‌లోనో కార్పొరేటర్ల ద్వారా అడగడమే మార్గం.

అడగడానికి చేతిలో అంకెలు ఉండాలి. అవి ఇప్పుడు అందుబాటులోనే ఉన్నాయి. చిత్తూరులో గంగినేని చెరువు వద్ద, తిరుపతిలో వైకుంఠపురంలో, తిరుమలలో పీసీబీ నిరంతర గాలి నాణ్యత కేంద్రాలు పనిచేస్తున్నాయి. వాటి లెక్కలు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు. 2009 నవంబరు 18న ప్రకటించిన జాతీయ ప్రమాణాల ప్రకారం ఘనపు మీటరు గాలిలో పీఎం 10 ధూళి ఏడాది సగటున 60 మైక్రోగ్రాములు, రోజు సగటున 100 మైక్రోగ్రాములు మించరాదు. ఊపిరితిత్తుల లోతుల్లోకి చేరే పీఎం 2.5కు ఈ పరిమితులు 40, 60. గ్రామాల్లో ఇలాంటి కేంద్రాలు లేవు. క్రషర్ పక్క ఊరి గాలిని కొలిచే యంత్రం ఆ ఊరివారి ఊపిరితిత్తులే.

షామియానా కింద

ప్రాజెక్టులపై ప్రజాభిప్రాయ సేకరణ మన దేశంలో 1997 ఏప్రిల్ 10 నాటి సవరణతో మొదలైంది. 1994లో పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ వచ్చినప్పుడు ఇది లేదు. 1997 పద్ధతిలో విచారణ సంఘం ఉండేది. కలెక్టరు, పీసీబీ ప్రతినిధులతో పాటు స్థానిక సంస్థల నుంచి ముగ్గురు, కలెక్టరు ఎంపిక చేసిన ఊరి పెద్దలు ముగ్గురు వరకు అందులో కూర్చునేవారు. 2006 సెప్టెంబరు 14 నాటి కొత్త నోటిఫికేషన్ ఆ సంఘాన్ని తొలగించింది. ఇప్పుడు కలెక్టరు లేదా అదనపు జిల్లా మేజిస్ట్రేటు హోదాకు తగ్గని ప్రతినిధి అధ్యక్షత వహిస్తారు. పీసీబీ అధికారి సహకరిస్తారు. వేదికపై ఊరి పెద్దకు కుర్చీ లేదు.

విధివిధానాలు మాత్రం వివరంగానే ఉన్నాయి. ఒక జాతీయ దినపత్రికలో, ఒక ప్రాంతీయ భాషా దినపత్రికలో ప్రకటన ఇచ్చి కనీసం ముప్పై రోజుల వ్యవధి ఇవ్వాలి. పత్రికలు చేరని చోట దండోరా వేయించాలి, రేడియోలో చెప్పించాలి. ముసాయిదా నివేదికను, దాని సారాంశాన్ని కలెక్టరేట్, జిల్లా పరిషత్, జిల్లా పరిశ్రమల కేంద్రం, స్థానిక సంస్థల కార్యాలయాల్లో అందుబాటులో ఉంచాలి. సారాంశం ఇంగ్లిషుతో పాటు స్థానిక భాషలో ఉండాలి. సభ ప్రాజెక్టు స్థలంలోగానీ, దానికి అతి సమీపంలోగానీ జరగాలి. ఇంతమంది వస్తేనే జరపాలన్న కోరం నిబంధన లేదు. హాజరైన ప్రతి ఒక్కరికీ వివరణ కోరే అవకాశం ఇవ్వాలి. సభ మొత్తాన్ని వీడియో తీయాలి. చివరన కార్యక్రమ సారాంశాన్ని స్థానిక భాషలో చదివి వినిపించాలి. అదే రోజు అధ్యక్షుడు సంతకం చేయాలి.

కాగితం మీద ఇలా ఉంటే, ఆచరణలో కనిపించే దృశ్యం మరొకటి. తెలుగు సారాంశం కొద్ది పేజీల పుస్తకంగా అందుతుంది. వందల పేజీల అసలు నివేదిక ఇంగ్లిషులో, కార్యాలయం బీరువాలో ఉంటుంది. సభ రోజు పోలీసు బందోబస్తు, ముందు వరుసల్లో ప్రాజెక్టు వల్ల ఉద్యోగాలు వస్తాయని చెప్పేవారు, వెనుక వరుసల్లో మైకు ఎప్పుడు అందుతుందా అని చూసేవారు. ఉద్యోగం కావాలన్న వాడి మాట అబద్ధం కాదు. మూడేళ్లకొక కరవు వచ్చే మండలంలో క్వారీ కూలి కూడా బతుకే. కానీ ఈ సభ ఓటింగు కాదు. ఎంతమంది అవునన్నారు, ఎంతమంది కాదన్నారు అన్న లెక్కకు ఇక్కడ విలువ లేదు. ఏ అభ్యంతరం నమోదైంది, దానికి యాజమాన్యం ఏమని బదులిచ్చింది అన్నదే పైకి వెళుతుంది. ‘మాకు వద్దు’ అన్న నినాదం మినిట్స్‌లో ఒక వాక్యంగా ముగుస్తుంది. ఒక కచ్చితమైన ప్రశ్న అయితే జవాబు రాయకుండా దాటవేయడం కష్టం.

అలాంటి ప్రశ్నల్లో రాయలసీమకు ప్రత్యేకమైనది నీటి ప్రశ్న. దాదాపు ప్రతి క్వారీ, ప్రతి క్రషర్ నివేదికలో ధూళి నివారణకు నీళ్లు చల్లుతామని ఉంటుంది. తవ్వకం చోట, లారీల దారిలో, లోడింగు చోట చల్లడానికి రోజుకు ఇన్ని కిలోలీటర్లు అని రాస్తారు. ఆ నీరు ఎక్కడిది? బోరు నుంచా, ట్యాంకరు నుంచా? వెయ్యి అడుగులు దాటినా నీరు పడని ఊళ్లలో, వేసవిలో తాగునీటికే ట్యాంకర్లు తిరిగే ఊళ్లలో దారి మీద చల్లే నీరు మార్చి, ఏప్రిల్, మే నెలల్లో ఏమవుతుంది? సరిగ్గా ఆ నెలల్లోనే ధూళి ఎక్కువ. తోతాపురి తోటల్లో పిందె, కాయ ఎదిగేదీ అప్పుడే. అంతకు ముందు పూత మీద తెల్లటి పొడి పేరుకుంటే కాయ నిలవదని రైతులు చెబుతూనే ఉంటారు. గాలి కాపాడతామన్న హామీ మొత్తం నీటి మీద నిలబడి ఉంటే, ఆ నీటికి భూగర్భ జల శాఖ అనుమతి ఉందా లేదా అని అడిగిన వారి ప్రశ్న మినిట్స్‌లోకి ఎక్కి తీరుతుంది.

నివేదికలోని గాలి లెక్కలనూ ప్రశ్నించవచ్చు. వర్షాకాలం కాని ఒక సీజన్‌లో, ప్రాజెక్టు చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో కొన్ని ఊళ్లలో గాలిని కొలిచి ఆ అంకెలు ఇస్తారు. యంత్రం ఏ ఊళ్లో, ఎవరి మేడ మీద, ఏ తేదీల్లో పెట్టారో నివేదికలో ఉండాలి. గాలి ఎటు వీస్తుందో ఆ దిక్కు ఊరిని కొలిచారా, ఎగువ ఊరిని కొలిచారా అన్నది అక్కడి రైతు కంటే బాగా చెప్పగలవారు లేరు.

నిబంధనల పుస్తకంలో ఇప్పటికే ఉన్న అంకెలు కూడా ఆయుధాలే. కంకర క్రషర్ నుంచి నలభై మీటర్ల దూరంలో అది కలిపే ధూళి ఘనపు మీటరుకు 600 మైక్రోగ్రాముల లోపే ఉండాలి. గాలిని అడ్డే గోడలు కట్టాలి, ఆవరణలో దారులు గట్టిపరచాలి, చుట్టూ చెట్లు పెంచాలి. ఇటుక బట్టీలు నివాసాలకు, పండ్లతోటలకు కనీసం 800 మీటర్ల దూరంలో ఉండాలని 2022 ఫిబ్రవరి 22 నాటి కేంద్ర నోటిఫికేషన్ చెబుతోంది. ప్రమాణాలు అందుకోని నగరాలకు పది కిలోమీటర్ల లోపు ఉన్న పాత బట్టీలు మెరుగైన పద్ధతికి మారడానికి మిగతా చోట్ల కంటే తక్కువగా, ఏడాది గడువే పెట్టింది. చిత్తూరు చుట్టుపక్కల ఊళ్లకు ఈ వాక్యం నేరుగా వర్తిస్తుంది. పండ్లతోట అన్న మాట ఆ నోటిఫికేషన్‌లో ఉందని తెలిసిన మామిడి రైతులు ఎందరున్నారో.

అసలు సభే లేని చోట్లు

అన్ని ప్రాజెక్టులకూ ప్రజాభిప్రాయ సేకరణ ఉండదు. పర్యావరణ అనుమతి పొందిన పారిశ్రామిక వాడల్లోని యూనిట్లకు, భవన నిర్మాణ ప్రాజెక్టులకు, రక్షణకు సంబంధించిన వాటికి మినహాయింపు ఉంది. బీ2 విభాగంలోని చిన్న ప్రాజెక్టులకూ అక్కర లేదు. ఐదు హెక్టార్ల లోపు చిన్న తరహా ఖనిజ లీజులు ఇందులోకే వస్తాయి. ఈ ప్రాంతంలో క్వారీ లీజులు చాలా వరకు చిన్నవే. ఒక్కొక్కటి చిన్నదే అయినా ఒకే గుట్టను పది మంది పంచుకుంటే ధూళి మాత్రం పది లీజులదీ ఒకే ఊరి మీద పడుతుంది. ఇలాంటి సమూహాల విస్తీర్ణం కలిపి ఐదు హెక్టార్లు దాటితే ప్రభావ అంచనా, ప్రజాభిప్రాయ సేకరణ తప్పవని హరిత ట్రైబ్యునల్ 2018 సెప్టెంబరులో స్పష్టం చేసింది. కాబట్టి ఊరికి దగ్గరలో కొత్త లీజు వస్తోందని తెలిసినప్పుడు అది ఎన్ని హెక్టార్లని అడగడంతో సరిపెట్టకుండా, ఆ గుట్ట మీద ఇప్పటికే ఎన్ని లీజులున్నాయో గనుల శాఖను సమాచార హక్కు చట్టం కింద అడగడం ఉత్తమం. రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయాల్లో దరఖాస్తుకు రుసుము లేదు. మండల స్థాయిలో ఐదు రూపాయలు, ఆపైన పది రూపాయలు.

సోంపేట నేర్పినది

మాట వినిపించే దారి మూసుకుపోతే ఏమవుతుందో రాష్ట్రం ఒకసారి చూసింది. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో బీల భూముల్లో థర్మల్ విద్యుత్తు కేంద్రం ప్రతిపాదనపై 2009 ఆగస్టులో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. స్థానికులు వ్యతిరేకించారు. అయినా పర్యావరణ అనుమతి వచ్చింది. 2010 జులై 14న పనులు మొదలుపెట్టే ప్రయత్నంలో ఘర్షణ, పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికార సంస్థ ఆ అనుమతిని రద్దు చేసింది. ఊరివారు అప్పీలు చేసి ఉండటం వల్లే ఆ రద్దు సాధ్యమైంది. ఆ ఉత్తర్వు ఒక్క రోజు ముందు వచ్చి ఉంటే అన్న మాట సోంపేట ప్రస్తావన వచ్చినప్పుడల్లా వినిపిస్తుంది.

సభ ముగిసిన తరువాత

సభలో మాట్లాడటంతో పని పూర్తి కాదు. సభకు రాలేనివారు, వచ్చినా మైకు అందనివారు పీసీబీకి లిఖితపూర్వకంగా అభ్యంతరాలు పంపవచ్చు. మండలి ప్రాంతీయ కార్యాలయం తిరుపతిలో ఉంది. నేరుగా ఇచ్చినవారు రసీదు తీసుకోవాలి, పోస్టులో పంపేవారు రిజిస్టర్డ్ పోస్టు చేసి ఆ చీటీ దాచుకోవాలి. తరువాత ఏ న్యాయస్థానానికి వెళ్లినా మొదట అడిగేది ఆ కాగితమే. సభ కార్యక్రమాల ప్రతిని పంచాయతీ, జిల్లా పరిషత్, కలెక్టరు కార్యాలయాల్లో ప్రదర్శించాలి. తాము అన్న మాట అందులో లేదని గమనించినవారు అనుమతి ఇచ్చే సంస్థకే నేరుగా రాయవచ్చు. ఏ కేటగిరీ ప్రాజెక్టులకు అది కేంద్ర పర్యావరణ శాఖ, బీ కేటగిరీకి రాష్ట్ర స్థాయి పర్యావరణ ప్రభావ అంచనా ప్రాధికార సంస్థ.

ఆ సంస్థల నిపుణుల సంఘాలు అభ్యంతరాలను చదివి, వాటిని ఎందుకు అంగీకరించాయో లేదా తోసిపుచ్చాయో కారణాలు చెప్పాలని ఢిల్లీ హైకోర్టు 2009 నవంబరులో గోవా ఇనుప గనికి సంబంధించిన ఉత్కర్ష్ మండల్ కేసులో పేర్కొంది. ముసాయిదా నిబంధనల విషయంలో లేని రక్షణ, ప్రాజెక్టుల విషయంలో ఈ తీర్పు వల్ల కొంత లభించింది.

అనుమతి వచ్చిన తరువాత యాజమాన్యం దానిని స్థానిక పత్రికల్లో ప్రకటించాలి. దానిపై జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు అప్పీలు చేయడానికి గడువు ముప్పై రోజులు. తగిన కారణం చూపితే మరో అరవై రోజుల వరకు అనుమతించవచ్చు. ఆ తరువాత తలుపు మూతపడుతుంది. మన రాష్ట్రానికి సంబంధించిన దక్షిణ మండల ధర్మాసనం చెన్నైలో ఉండటం చిత్తూరు, తిరుపతి వాసులకు ఒక వెసులుబాటు.

నడుస్తున్న పరిశ్రమ కాలుష్యంపై మరో దారి ఉంది. గాలి చట్టం 43వ సెక్షన్ ప్రకారం అరవై రోజుల ముందు నోటీసు ఇచ్చి ఏ పౌరుడైనా స్వయంగా ఫిర్యాదు దాఖలు చేయవచ్చు. అలా కోరినవారికి మండలి తన వద్ద ఉన్న సంబంధిత నివేదికలు ఇవ్వాలి. 2023 నాటి జన విశ్వాస్ చట్టంతో, 2024 ఏప్రిల్ 1 నుంచి గాలి చట్టంలోని చాలా ఉల్లంఘనలకు జైలు శిక్షకు బదులు పది వేల నుంచి పదిహేను లక్షల రూపాయల వరకు జరిమానా వచ్చింది. పెద్ద సంస్థకు పదిహేను లక్షలు ఏపాటి అన్న విమర్శ ఉంది. జైలు శిక్ష ఉన్న రోజుల్లో మాత్రం ఎందరు జైలుకు వెళ్లారన్న ఎదురు ప్రశ్నా ఉంది.

అనుమతి పొందిన ప్రతి యాజమాన్యం షరతుల అమలుపై ఏటా జూన్ 1న, డిసెంబరు 1న అర్ధ సంవత్సర నివేదికలు సమర్పించాలి. అవి ప్రజలు చూడదగిన పత్రాలు. రోజుకు ఎన్ని కిలోలీటర్ల నీరు దారి మీద చల్లారో ఆ నివేదికలో రాసి ఉంటుంది. వేసవి నెలల లెక్క తెలియాలంటే ఆ నివేదికలు రెండూ చూడాలి. వాటిని అడిగి తీసుకోవాలి.